లెక్కల పుస్తకానికి ఇస్త్రీ

బడులన్నీ మూతపడిన ఏడాది వానాకాలంలో నేను ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించాను. గిట్టనివాళ్ళెవరో పుట్టించిన మాట కాదిది. నా చేత్తో నేనే రాసి, కింద సంతకం పెట్టిన కాగితం విద్యాశాఖ ఆఫీసులో ఒక ఫైల్లో భద్రంగా ఉంది. నా దస్తూరి కోడి కెలికినట్టు ఉంటుంది గానీ, విషయం మాత్రం ఎవరు చదివినా అర్థమవుతుంది.

నాది ఇస్త్రీ కొట్టు. ఇంటి ముందుగదే కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. జనం గడప దాటని రోజుల్లో ఇస్త్రీ బట్టలు ఎవరిక్కావాలని మొదట్లో బెంగపడ్డాను. తీరా చూస్తే చొక్కాలు వస్తూనే ఉన్నాయి. ఆఫీసు పనులన్నీ ఇంట్లోంచే, కంప్యూటరు ముందు కూర్చుని చేసేవాళ్ళు. నడుం పైభాగమే లోకానికి కనబడేది. ఆ ఆరు నెలల్లో ప్యాంటన్నది నా బల్ల ఎక్కితే ఒట్టు.

మా ఆవిడ పెద్దాసుపత్రిలో వార్డు ఆయా. ఆ ఏడాది ఆయాలకి సెలవన్న మాటే లేదు. డ్యూటీ నుంచి వచ్చి పెరట్లోనే స్నానం చేసి, తడిజుట్టుతో లోపలికి వచ్చేది. రోగం ఎక్కడ తన వెంట ఇంటికొస్తుందోనని ఆమెకి ఒకటే భయం. వేడికి ఏ పురుగూ బతకదని నర్సెవరో చెప్పిందట. అంతే, ఇంట్లోకి వచ్చే గుడ్డ గానీ కాగితం గానీ నా ఇస్త్రీ పెట్టె కిందనుంచే రావాలని హుకుం జారీ అయింది. దినపత్రికకి ఇస్త్రీ, కరెంటు బిల్లుకి ఇస్త్రీ. మందుల చీటీకి కూడా ఇస్త్రీ చేశాను. మా వీధిలో అంత నున్నటి కరెంటు బిల్లు ఇంకెవరింట్లోనూ ఉండదు.

మాకు ఒక్కతే కూతురు. పుట్టుకతోనే చూపు లేదు. అప్పటికి దానికి పన్నెండేళ్ళు, ఏడో తరగతి. ఇంట్లో దాన్ని జడ్జిగారంటాం. కూరలో ఉప్పు దగ్గర్నుంచి చుట్టాల బుద్ధుల దాకా దేనిమీదైనా తీర్పు చెప్పకుండా ఊరుకోదు. ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు. మిగతా పాఠాలు ఎలా ఉన్నా లెక్కలంటే దానికి ప్రాణం.

బడి ఫోన్లోకి వచ్చింది. మొదటిరోజు లెక్కల పాఠం నేను పక్కన కూర్చుని విన్నాను.

"ఈ గీత ఆ గీతని ఇక్కడ ఖండిస్తోంది. చూశారుగా?" అన్నారు లెక్కల సారు.

"ఎక్కడ సార్?" అంది మా పిల్ల.

"ఇదిగో, ఇక్కడ."

"ఇక్కడంటే ఎక్కడ సార్?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సారు చెడ్డవాడు కాదు. ఆయనా పాపం వంటింట్లో గోడకి చిన్న బోర్డు తగిలించుకుని, అరవైమందికి ఒక్కసారే చెప్తున్నాడు. కాస్త తడబడి, "పక్కన నాన్నగారున్నారా అమ్మా? ఆయన చెప్తార్లే," అన్నాడు.

ఆ నాన్నగారు ఐదో తరగతిలోనే చదువుకి దణ్ణం పెట్టేసినవాడు. అయినా పిల్ల అడిగితే కాదంటానా? అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా తెచ్చి, కాలరు మొన దాని వేళ్ళకి అందించి, "ఇదే కోణం" అన్నాను.

"ఎంత?"

"నలభై."

"నలభై డిగ్రీలా?"

"చొక్కా సైజు నలభై."

"నాన్నా, నేనడిగింది కోణం. ఆ చొక్కా వేసుకునేవాడి ఛాతీ కాదు," అంది. ఆరోజు తీర్పు ప్రకారం నేను ఇస్త్రీకి తప్ప ఎందుకూ పనికిరానని తేలింది.

దానికి కావలసింది చుక్కల పుస్తకం. బ్రెయిలీ, ఉబ్బెత్తు చుక్కల్ని వేలితో తడిమి చదివేది. వాళ్ళ తరగతిలో చూపు లేని పిల్లలు నలుగురున్నారు. వాళ్ళ కోసమే ఒక టీచరమ్మ ఉంది, పిల్లలు చుక్కల టీచరంటారు. రెండేళ్ళు వేసవి సెలవులు మానుకుని, ఏడో తరగతి లెక్కలన్నీ మందపాటి అట్టకాగితాల మీద మిషనుతో ఒక్కో అక్షరం కొట్టి, బొమ్మలున్న చోట దారం అంటించి, మూడు సంపుటాలు తయారుచేసింది. ఉన్నది ఆ ఒక్క ప్రతే. అది బడి స్టోరుగదిలో బీరువా కింది అరలో ఉంది. టీచరమ్మ ఏమో సొంతూరు వెళ్ళి, బస్సులు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయింది.

మిగతా పిల్లల పుస్తకాలు మాత్రం వ్యాన్లో ఇంటింటికీ వచ్చాయి. మా ఇంటికీ వచ్చాయి. రంగురంగుల బొమ్మల లెక్కల పుస్తకం మా పిల్ల చేతిలో పెట్టి, సంతకం చేయించుకుని వెళ్ళారు. అది పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "వాసన బాగుంది," అంది.

ఆ తర్వాత వారానికి ఫోన్లో ఒక ఫారం వచ్చింది. చూపు లేని పిల్లలకి ఇబ్బంది కలగకుండా లెక్కలనుంచి మినహాయింపు ఇస్తారట. తల్లో తండ్రో సంతకం పెడితే చాలు, పిల్ల ఎనిమిదిలోకి వెళ్ళిపోతుంది. సంతకం పెట్టకపోతే శ్రావణం వెళ్ళేలోగా ఆరు పాఠాలకి పరీక్ష రాయాలి. అదీ రాయకపోతే పేరు దానంతటదే మినహాయింపు జాబితాలో పడుతుంది. ఒకసారి పడితే పై తరగతుల్లో లెక్కలు తీసుకోవడం ఉండదు. ఆ చివరి ముక్క చిన్న అక్షరాల్లో ఉంది. మా ఆవిడ రెండుసార్లు చదివింది.

"లెక్కలు లేకపోతే దాని దారి సగం మూసేసినట్టే," అంది. "నువ్వు సంతకం పెట్టావో, ఆ చెయ్యి మళ్ళీ అన్నంలో పెట్టనివ్వను."

"నేను పెడతానన్నానా?"

"ముందే చెప్తున్నా."

అలా మొదలయింది విద్యాశాఖ ఆఫీసుకి నా ప్రయాణం. గేటు లోపల తాడు కట్టారు. తాడు అవతల కిటికీ, కిటికీకి ప్లాస్టిక్ తెర, తెర వెనక గుమాస్తా. ఎవరేమడిగినా ఆయన నోటినుంచి వచ్చేది రెండే మాటలు: "రేపు రండి." మూడోరోజుకే నేను ఆయనకి రేపుగారని పేరు పెట్టుకున్నాను.

"అయ్యా, బీరువా తీసి మూడు పుస్తకాలు ఇప్పించండి. చాలు."

"బడి తెరవకూడదని ఆర్డరు."

"మిగతా పిల్లల పుస్తకాలకి తెరిచారు కదండీ?"

"అవి గోడౌన్లోవి. ఇవి బడిలోవి."

"మరి మా పిల్లలు బడిలోవాళ్ళు కారా?"

రేపుగారు కాసేపు ఆలోచించి, "రేపు రండి," అన్నారు.

కాళ్ళరిగేలా తిరిగాను. పుస్తకాలు ఇవ్వలేదు కాబట్టి పరీక్ష గడువు పెంచండి అని నేను తొమ్మిది అర్జీలు పెట్టాను. మిగతా ముగ్గురు పిల్లల ఇళ్ళకి ఫోన్ చేస్తే ఒకరు బస్సు డ్రైవరు, ఒకరు బట్టలు కుట్టే అమ్మమ్మ, ఇంకొకరు తోటమాలి దంపతులు. అందరూ నా అర్జీ మీద సంతకాలు పెట్టి పంపారు. అర్జీ ఎంత పెద్దదైతే అంత నెమ్మదిగా కదులుతుందని నాకు అప్పుడే తెలిసింది.

పదోసారి పిల్లని వెంట తీసుకెళ్ళాను. గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాం. ఆ ఆఫీసుకి పైఅధికారి, అందరూ పెద్దమేడం అంటారు, ఆవిడ కారు ఆగింది. ఆవిడ మాస్కు మీద కళ్ళు చూస్తే నిద్రపోయి వారమైనట్టుంది. నేను గొంతు సవరించుకునేలోపే మా పిల్ల ఆ అడుగుల చప్పుడు వైపు తిరిగి, "మేడం, అందరికీ పుస్తకాలు ఇచ్చారు. నాది కూడా ఇవ్వండి," అంది.

"నీకు రాలేదా అమ్మా?"

"వాసనది వచ్చింది. చదువుకునేది రాలేదు."

మేడం ఆ మాట చీటీ మీద రాసుకున్నారు. నాలుగోరోజు వాచ్‌మన్ మూడు సంపుటాలూ ప్లాస్టిక్ సంచిలో పెట్టి మా కొట్టు బల్లమీద దింపి వెళ్ళాడు. ఒక్కోటి ఇటుకలా బరువుంది. ముందు మా ఇంట్లో, తర్వాత వరసగా మిగతా ముగ్గురి ఇళ్ళలో ఉంచుకోవాలని ఒప్పందం.

మధ్యాహ్నం. పిల్ల భోంచేసి లోపల పడుకుంది. మా ఆవిడ డ్యూటీలో ఉంది. పిల్ల లేచేసరికి పుస్తకాలు సిద్ధంగా ఉంచాలని నా ఆరాటం. బైండింగు దారం విప్పి, కాగితాలు విడదీశాను. బీరువాలో చెమ్మకి కొంచెం వంకర తిరిగాయి. పురుగూ పుట్రా ఉంటే చావాలని నీళ్ళు చిలకరించాను. ఎందుకైనా మంచిదని పైన పల్చటి గుడ్డ వేసి, పెట్టె పెట్టాను. కింద సన్నగా గరగరలాడింది. ఇంకాస్త ఒత్తాను.

చుక్కల సంగతి నాకు తెలియదా? ఏడేళ్ళుగా చూస్తున్నాను. కానీ ఎన్ని దినపత్రికలకి ఇస్త్రీ చేసినా ఒక్క అక్షరం చెరగలేదు, ఇందులో అక్షరాలు మాత్రం ఎందుకు చెరుగుతాయనుకున్నాను. చెయ్యి దాని అలవాటుకొద్దీ అది పోతూ ఉంది. మూడు గంటల్లో మూడు సంపుటాలూ అయిపోయాయి. అంచులు కలిపి దొంతర పెట్టి, దూరంనుంచి చూసి మురిసిపోయాను కూడా.

పిల్ల లేచింది. పరుగెత్తుకుంటూ వచ్చి బల్ల ముందు కూర్చుంది. రెండు చేతులూ పేజీ మీద పరిచి, ఎడమనుంచి కుడికి జరిపింది. మళ్ళీ మొదటికి వచ్చింది. పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది.

"నాన్నా, ఖాళీ కాగితాలు ఇచ్చావేంటి?"

"ఖాళీ ఏంటమ్మా, పుస్తకమే కదా?"

"ఇందులో ఏమీ లేదు." ఇంకో పేజీ తిప్పి ఆగింది. దాని వేలికి దారం త్రికోణం తగిలింది. దాని చుట్టూ తడిమింది. త్రికోణం ఉంది, దాని గురించి చెప్పే ఒక్క మాట లేదు. "వెచ్చగా ఉందేంటి?" అంది.

నేను ఇస్త్రీ పెట్టె బల్లమీంచి తీసి కింద పెట్టాను.

ఇస్త్రీకి చుక్కలన్నీ అణిగిపోయాయని అదే అర్థం చేసుకుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. త్రికోణం మీద వేలుపెట్టుకుని అలాగే కూర్చుంది. తిడుతుందేమో, తీర్పు చెప్తుందేమోనని ఎదురుచూశాను. అది లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు పడ్డంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

సాయంత్రం మా ఆవిడ వచ్చి, స్నానం చేసి, సంగతి విని గుమ్మంలోనే కూలబడింది.

"నేను చెప్పబట్టే కదా," అంది. "కాగితం కనబడితే ఇస్త్రీ చెయ్యమన్నది నేనే."

"చేసింది నేను. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు."

"చెప్పింది నేను."

"చెప్పినదానికల్లా చేస్తే నాకు బుర్రెందుకు?"

ఇలా తప్పు కోసం ఇద్దరం కొట్టుకుంటుంటే లోపల్నుంచి గొంతు వినిపించింది. "ఇద్దరిదీ తప్పే. ఇద్దరికీ శిక్ష తర్వాత చెప్తా. ముందు ఏం చేద్దామో చెప్పండి."

ఏం చెయ్యాలో నాకు తోచలేదు. పరీక్షకి పదకొండు రోజులున్నాయి. ఫోన్లో ఆ ఫారం ఇంకా ఉంది. సంతకం పెట్టేస్తే ఎవరికీ మొహం చూపించాల్సిన పని ఉండదనిపించింది. నిజం చెప్తున్నాను, అనిపించింది. టీచరమ్మకి ఏం చెప్పను? వరసలో ఎదురుచూస్తున్న ఆ ముగ్గురికి ఏం చెప్పను?

మర్నాడు పొద్దున చొక్కా ఒకటి ఇస్త్రీ చేసి, అలవాటుగా కిటికీ వైపు ఎత్తి ఏటవాలుగా చూశాను. పాత మడత పూర్తిగా పోయిందో లేదో అలా చూస్తేనే తెలుస్తుంది. ఎంత ఒత్తినా మడత ఆనవాలు ఎక్కడో అక్కడ ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా నాకు అన్నం పెడుతున్న చూపది. చొక్కా కింద పడేసి, పుస్తకంలో కాగితం ఒకటి లాగి, వెనక్కి తిప్పి, అదే కిటికీకి అలాగే పట్టాను.

ఉన్నాయి. సన్నగా, చీమ అడుగుల్లా, చుక్కల గుంటలు వరసగా ఉన్నాయి. వేలికి అందవు గానీ కంటికి ఆనుతున్నాయి.

పిల్ల రాసుకునే పలక పక్కన చుక్కలు పొడిచే మొద్దుమొన ఉంటుంది, చిన్న దబ్బనంలాంటిది. ఇస్త్రీ బల్లమీద దుప్పటి నాలుగు మడతలు వేసి, దానిమీద కాగితం బోర్లా పెట్టి, కనబడిన ఒక్కో గుంటలో మొన ఆనించి నొక్కాను. ఒక వరస అయ్యాక పిల్లని పిలిచి కాగితం తిప్పి ఇచ్చాను. అది వేలు పెట్టింది.

"ఒక త్రిభుజంలో," అని చదివింది. తర్వాతి వరస మీదికి వెళ్ళింది. అక్కడ ఇంకా ఏమీ లేదు. "త్రిభుజంలో ఏంటి నాన్నా? తొందరగా పొడువు!"

ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. దానికి కనబడదు కదా అని తుడుచుకోలేదు. "ముక్కు ఎగబీల్చకు, పొడువు," అంది.

మొదటి పేజీకి పూట పట్టింది. ఆరు పాఠాలంటే తొంభై పేజీలు. పైగా నలుగురు పిల్లలు. పదకొండు రోజుల్లో అయ్యే పని కాదు. గడువు అడగాలంటే చేసిన పని చెప్పాలి. టీచరమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ "దారం బొమ్మలు మిగిలాయా?" అని అడిగింది. మిగిలాయన్నాను. "అయితే మొదలుపెట్టండి. అనుమానం వస్తే అమ్మాయిని అడగండి. మీకు తెలియనిది దానికి తెలుసు," అంది. రెండేళ్ళ కష్టం తగలేసినవాణ్ణి ఒక్క మాట అనలేదావిడ.

ముగ్గురి ఇళ్ళకీ ఫోన్ చేసి అదే చెప్పాను. బస్సు డ్రైవరు ముందు నోరారా తిట్టాడు. తిట్టడం అయ్యాక, "బస్సులు లేవు, నేను ఖాళీయేగా. ఒక సంపుటం ఇటు పంపించు," అన్నాడు.

ఇంక మిగిలింది ఆఫీసు. బాగా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, మొదటి సంపుటం చంకలో పెట్టుకుని వెళ్ళి కిటికీ ముందు నిలబడ్డాను.

"ఏమైంది?" అన్నారు రేపుగారు. "పుస్తకాలు ఇచ్చేశాంగా?"

"ఇచ్చారండీ. నేను ఇస్త్రీ చేశాను."

"ఏం చేశారు?"

"ఇస్త్రీ."

ఆయన కుర్చీలోంచి లేచి, తెర పక్కకి జరిపి, పేజీని వేలితో తడిమి చూశారు. నవ్వుతారనుకున్నాను. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఎవరితోనూ అనకండి. నేను మొన్న హాజరు రిజిస్టరు మీద శానిటైజరు కొట్టాను. మా స్టాఫు పేర్లన్నీ కలిసిపోయాయి," అన్నారు. ఆ రోజు రేపు రండి అనలేదు. తనే నన్ను వెంటబెట్టుకుని పెద్దమేడం గదిలోకి తీసుకెళ్ళారు.

మేడం అంతా విన్నారు. నా తొమ్మిది అర్జీలూ ఉన్న ఫైలు ముందుకి లాక్కున్నారు.

"వీటన్నిట్లో మీరు ఒకటే రాశారు. పుస్తకం ఇవ్వలేదు కాబట్టి గడువు పెంచండి అని."

"నిజమే కదా మేడం?"

"నిజమే. కానీ దానిమీద నేను గడువు పెంచితే, పుస్తకం ఇవ్వని తప్పు మాదని ఒప్పుకున్నట్టు. ఈ భవనంలో ఆ సంతకం ఎవరు పెడతారు? పైకి పంపిన ప్రతిసారీ వెనక్కొచ్చింది." ఇస్త్రీ అయిన పేజీ ఒకటి తిప్పి చూశారు. "ఇది వేరు. ఇందులో ఆఫీసు తప్పు లేదు. మీరు పాడుచేశారని రాసిస్తే, ఆ కారణం చూపించి నలుగురికీ నెలరోజులు ఇవ్వగలను. అందరూ గబగబా సంతకాలు పెట్టేస్తారు."

మూడు నెలలు బీరువాలో పెట్టి తాళం వేస్తే అది ఎవరి తప్పూ కాదు. నేను మూడు గంటలు ఇస్త్రీ చేస్తే మాత్రం తప్పు!

"మూడు నెలలు దాచింది నేను కాదు కదా మేడం?" అన్నాను. గొంతు లేచింది. రేపుగారు నా మోచేయి పట్టుకున్నారు.

"కాదు," అన్నారావిడ. "అది రాస్తే గడువు రాదు. ఇది రాస్తే వస్తుంది. మీ పేరు మీద ఫైల్లో ఉంటుంది, అది కూడా చెప్తున్నాను. తర్వాత బడినుంచి ఏదైనా తీసుకోవాలంటే మిమ్మల్ని పది ప్రశ్నలు అడుగుతారు. ఆలోచించుకోండి."

ఆలోచించడానికి ఏముంది? కాగితం అడిగాను. రేపుగారు పక్కన నిలబడి వాక్యాలు చెప్పారు, నేను రాశాను.

"నా అజాగ్రత్త వలన," అన్నారాయన.

కలం ఆపేశాను. "అజాగ్రత్త కాదండీ. పిల్లకి రోగం రాకూడదని జాగ్రత్త ఎక్కువై చేశాను."

"జాగ్రత్త వలన నష్టం అని రాస్తే పైవాళ్ళకి అర్థం కాదయ్యా. అజాగ్రత్తే రాయండి," అన్నారాయన మెత్తగా. రాశాను. నాలుగు రోజుల్లో అందరి కలాలూ కదిలి, నెలరోజుల గడువు చేతికొచ్చింది.

ఇంటికెళ్ళి చెప్తే మా ఆవిడ చిందులేసింది. "నింద మొత్తం నెత్తినేసుకుని వచ్చావా? సగం నాది!" అంది. ఆ తర్వాత పదిరోజులు నాకు అడక్కుండానే రెండోసారి టీ వచ్చింది.

ఆ నెలంతా మా కొట్టులో ఒకటే చప్పుడు. టిక్కు టిక్కు టిక్కు. పొద్దున చొక్కాలు, మధ్యాహ్నం నుంచి చుక్కలు. నేను పొడిచిన ప్రతి పేజీ ముందు జడ్జిగారి దగ్గరికి వెళ్ళేది. అది చదివి, లెక్క చేసి చూసి, సరేనంటే గుడ్డసంచిలో మిగతా ఇళ్ళకి వెళ్ళేది. "సంచికి ఇస్త్రీ చెయ్. కాగితాల జోలికి వెళ్ళావంటే ఊరుకోను," అనేది మా ఆవిడ. బస్సు డ్రైవరు దగ్గర్నుంచి రెండో సంపుటం పేజీలు అదే సంచిలో తిరిగి వచ్చేవి. అతను గట్టిగా నొక్కి అక్కడక్కడా కాగితం చిల్లులు పెట్టేశాడు. "ఈయన బ్రేకు వేసినట్టు పొడుస్తున్నాడు," అని మా పిల్ల నవ్వేది.

ఒక మధ్యాహ్నం పేజీ చేతిలో పట్టుకుని వచ్చింది. "నాన్నా, ఇక్కడ సున్నా ముందు ఒకటి అని పొడిచావు. ఒకటి కాదు, మూడు."

"కనబడినవన్నీ పొడిచానమ్మా."

"ఒకటయితే లెక్క కుదరదు. మూడు కోణాలూ కలిపితే నూట అరవై వస్తోంది. నూట ఎనభై రావాలి. ఒకటికి పక్కన ఇంకో చుక్క పడితే మూడు. వెతుకు, ఉంటుంది."

కిటికీ దగ్గరికి వెళ్ళి తిప్పి తిప్పి చూశాను. అది చెప్పిన చోటే, నా కంటికి జారిపోయిన గుంట ఒకటి కనబడింది. కళ్ళున్న నాకు కనబడనిది అది లెక్క వేసి కనిపెట్టింది. పొడిచి ఇచ్చాను. వేలు పెట్టి, "ఆఁ, ఇప్పుడు ముప్పై," అని, ఏమీ జరగనట్టు తర్వాతి లెక్కలోకి వెళ్ళిపోయింది. నాకు మాత్రం సాయంత్రం దాకా కాళ్ళు నేలమీద ఆనలేదు. కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. ఒకాయన చొక్కా మర్చిపోయి వెళ్ళిపోయాడు.

పరీక్ష ఆఫీసు మీటింగు హాల్లో పెట్టారు. నలుగురు పిల్లలు నాలుగు మూలల్లో కూర్చున్నారు. ప్రశ్నలు చదివింది రేపుగారే. బయట వరండాలో అమ్మమ్మ, డ్రైవరు, తోటమాలి దంపతులు, నేను దూరం దూరంగా కూర్చుని, ఆయన చదివే ప్రతి ప్రశ్నా విన్నాం. బస్సులు మొదలై టీచరమ్మ వచ్చాక ఆవిడే దిద్దింది. నలుగురూ గట్టెక్కారు. మా పిల్లకి యాభైకి నలభై ఒకటి.

వానలు వెనకబడుతుండగా మినహాయింపు జాబితా ఆఫీసు గోడకి అంటించారని తెలిసింది. పాసయింది కదా, ఇంకెందుకన్నాను. "నువ్వు చదివి చెప్తేగానీ నమ్మను," అంది జడ్జిగారు. తీసుకెళ్ళాను. గోడ ముందు దాని చెయ్యి పట్టుకుని నిలబడి, మొదటి పేరునుంచి చివరి పేరు దాకా వేలు పెట్టి చదివాను. దాని పేరు లేదు. ఆ ముగ్గురి పేర్లూ లేవు. ఒక కాగితం మీద నా బిడ్డ పేరు లేనందుకు అంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

"లేదు తల్లీ!" అన్నాను.

"మొత్తం ఎన్ని చదివావు?"

"ముప్పై ఒకటి."

"వాళ్ళందరూ ఎవరు?"

"వేరే బళ్ళ పిల్లలు. మనకి తెలియదు."

"వాళ్ళకీ నాలాగే కనబడదా?"

"అంతే అయ్యుంటుంది."

నా చేతిలో దాని వేళ్ళు కదులుతున్నాయి, ముప్పై ఒకటిని లెక్కపెడుతున్నట్టు.

"మరి వాళ్ళ నాన్నలెవరూ తప్పు తమదని రాసివ్వలేదా?" అంది.

ఆ పిల్లల పుస్తకాలు ఏ బీరువాల్లో ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో నాకు తెలియదు. ఇంటికి పోదామని గొడుగు తెరిచాను. అది కదల్లేదు.

"రేపుగారి కిటికీ తెరిచే ఉందా?"

"తెరిచే ఉంది."

"ఎంతమంది ఉన్నారు?"

"ఏడుగురు."

"పద. వాళ్ళ కోసం వరసలో నిలబడదాం," అంది. గొడుగు మూసి, ఏడో మనిషి వెనక ఇద్దరం నిలబడ్డాం.